సరుకంతా ఎవరి అటక మీదికి పోయింది?

2020 మార్చి 24 రాత్రి ఎనిమిది గంటలకు ప్రధాని కరోనా లాక్‌డౌన్ ప్రకటించగానే మా విజయవాడలో జనం కిరాణా కొట్ల మీద పడ్డారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కిరాణా, పాలు, కూరగాయలు ఆగవని చెబుతూనే ఉన్నారు. అయినా కార్లున్నవాళ్లు బియ్యం బస్తాలు, నూనె డబ్బాలు వేసుకుపోయారు. మర్నాడు వన్‌టౌన్‌లో మూటలు మోసుకునే మనిషి కేజీ కందిపప్పు అడిగితే లేదన్నారు. ఏ రోజు కూలి ఆ రోజు తెచ్చుకునేవాడు నెల సరుకు ఒకేసారి ఎలా కొంటాడండీ? మాస్కులు, శానిటైజర్లను ఆ నెల 13నే నిత్యావసర వస్తువుల చట్టం కిందికి తేవాల్సి వచ్చిందంటే, దాచుకోవడం ఎంతదాకా పోయిందో ఆలోచించండి.

ముందుజాగ్రత్త వద్దని నేననను. రెండు వారాలకు సరిపడా పప్పూ ఉప్పూ, బీపీ, షుగర్ మాత్రలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు ఇంట్లో ఉండాల్సిందే. మన అమ్మమ్మలు ఏడాదికి సరిపడా కందులు, మిరపకాయలు, చింతపండు ఎత్తిపెట్టేవాళ్లు కదా! కానీ పంట చేతికొచ్చిన రోజుల్లో, మార్కెట్ నిండుగా ఉన్నప్పుడు కొనేవాళ్లు. కరువు భయం పుట్టాక పక్కవాళ్ల నోటి దగ్గరది లాక్కోలేదు.

మనిషికి ఇంతే అని కొట్టు ముందు మొదటిరోజే బోర్డు పెట్టిస్తే ఏం పోయేది? రేపు మళ్లీ అలాంటి జబ్బే వస్తే, ఒంటరి ముసలివాళ్లకు సరుకులు, మందులు ఎవరు చేరుస్తారో మా పేటలో చెప్పే నాథుడే లేడు.