కరెంటు లేకుండా ఆ నానో జింక్ పొడి ఏం చేస్తుందో చెప్పండి

మా మామయ్యకి గొంతు క్యాన్సర్. నెల్లూరు నుంచి తీసుకొచ్చి చెన్నైలో మా ఇంట్లోనే ఉంచుకుని రేడియేషన్ ఇప్పిస్తున్నాం. మావాళ్ల మాటల్లో కరెంటు పెట్టించడం. వారానికి 5 రోజులు, మొత్తం 35 సిట్టింగులు. నిన్నటికి 19 అయ్యాయి. వేడినీళ్లలో మెత్తబడిన ప్లాస్టిక్ వలని మొదట్లోనే ముఖం మీద పరిచి అచ్చు తీశారు. రోజూ అది తొడిగి, తల కదలకుండా బల్లకి బిగిస్తారు. బయటికొచ్చేసరికి నుదుటి మీద జల్లెడ గళ్లు. మజ్జిగన్నం కూడా మంటగా ఉందంటున్నారు.

అలాంటి మనిషి దగ్గరికి ఆదివారం ఓ బంధువు డబ్బాతో దిగాడు. నానో జింక్ పొడి అట, అంటే కంటికి ఆననంత సన్నటి జింక్ రేణువులు. తేనెలో రంగరించి మామయ్య చేత నాకిస్తే కరెంటు రెట్టింపు పనిచేస్తుందట. 7,000 రూపాయలు. "ఫారిన్‌లో రీసెర్చ్ అయింది, చూసుకో" అన్నాడు. చూశాను.

రీసెర్చ్ నిజమే, నా మంటంతా అదే. పచ్చి అబద్ధమైతే నవ్వి ఊరుకునేవాణ్ణి.

హాఫ్నియం అని వేరే బరువైన లోహం ఉంది, జింక్ కాదు. దాని ఆక్సైడ్‌ని 50 నానోమీటర్ల రేణువులుగా చేసి, సూదితో నేరుగా గడ్డలోకే ఎక్కిస్తారు. కిరణం తగిలితే ఆ రేణువులు చుట్టూ ఉన్న కండ కంటే ఎక్కువ శక్తిని పీల్చుకుని ఎలక్ట్రాన్లని చిమ్ముతాయి. పక్కనున్న క్యాన్సర్ కణాలకి దెబ్బ మీద దెబ్బ. కిరణం ఆగిందా, రేణువూ గమ్మునుంటుంది. 2019లో లాన్సెట్ ఆంకాలజీ అనే వైద్య పత్రికలో వచ్చిన ట్రయల్ సార్కోమా (కండ, కొవ్వు లాంటి చోట్ల వచ్చే క్యాన్సర్) రోగుల మీద చేసింది. ఆపరేషన్‌లో తీసిన గడ్డలో బతికున్న క్యాన్సర్ కణాలు దాదాపు లేనివాళ్లు, రేణువులు ఎక్కించి రేడియేషన్ ఇచ్చినవాళ్లలో 16 శాతం, ఉత్త రేడియేషన్ తీసుకున్నవాళ్లలో 8 శాతం. మనవాడి 'రెట్టింపు' బహుశా ఇక్కడిదే. నూటికి మిగతా 84 మంది సంగతి డబ్బా మీద రాయరు కదా!

జింక్ ఆక్సైడ్ మీదా ల్యాబుల్లో ప్రయోగాలున్నాయి. గాజుపళ్లెంలో కణాలు పెంచి, రేణువులు వాటి మీదే పోసి చూసినవి. నోటితో మింగితే కడుపులో ఆమ్లానికి కరిగిపోతుంది. గొంతులో గడ్డలోకి రేణువుగా చేరేదెట్లా? 'నానోతో క్యాన్సర్‌కి చెక్' అని హెడ్డింగ్ పెట్టే పేపర్లవాళ్లకి ఆ పళ్లెం ముక్క రాయడానికి చోటే దొరకదు.

డబ్బా తిరిగిచ్చేద్దామంటే అత్తయ్య వినదు. "ఆశగా తెచ్చాడు నాయనా, నొచ్చుకుంటాడు" అంటూ చింతపండు జాడీ వెనక పెట్టింది. డబ్బులు అప్పటికే ఇచ్చేసిందని రాత్రి తెలిసింది. రేపు 20వ సిట్టింగుకి ఆ డబ్బా సంచిలో వేసుకెళ్లి డాక్టరమ్మకి చూపిస్తాను. సాయంత్రం వాడికి ఫోన్ చేస్తాను, ఆ 7,000 కోసం.