‘అనుకో’ అన్నారంటే జాగ్రత్త

పెళ్లి భోజనాల్లో మా బావ పక్కన కూర్చోవడం ప్రమాదకరమని ఫంక్షన్ హాలు గోడల మీద బోర్డులు పెట్టించాలన్నది చాలాకాలంగా నా డిమాండు. మొన్న మా చిన్నాన్న కూతురి పెళ్లిలో పూలవాడికి ఇవ్వాలని నా దగ్గర ఐదొందలు తీసుకుని, ఆ చొరవతోనే వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. పప్పులో నెయ్యి పడకముందే మొదలుపెట్టాడు.

“బామ్మర్దీ, విజయవాడ నుంచి రాజమండ్రికి బస్సు నడుపుతున్నావనుకో. బస్టాండులో ఇరవై మంది ఎక్కారు. ఏలూరులో నలుగురు దిగి ఏడుగురు ఎక్కారు. తాడేపల్లిగూడెంలో తొమ్మిది మంది దిగారు. తణుకులో ఐదుగురు ఎక్కారు.”

నేను అన్నం కలపడం ఆపేసి లెక్క కడుతున్నాను. పందొమ్మిది. రావులపాలెంలో ఇద్దరు దిగారు, పదిహేడు. గోదావరి వంతెన కూడా దాటేశాం.

“ఇప్పుడు చెప్పు, డ్రైవర్ వయసెంత?”

నాకేం తెలుసన్నాను. బంతి బంతంతా నవ్వింది. నడిపేది నేనే కాబట్టి నా వయసేనట. నలభై నాలుగేళ్లొచ్చాక, వేళ్లకి పప్పు అంటుకుని ఉండగా, వడ్డించే కుర్రాడి చేత కూడా జాలిగా చూపించుకోవడం ఏమంత బాగుండదు.

ఇందులో నేను చేసిన నేరమల్లా ఎదుటి మనిషి మాటని మామూలు మాటగా వినడమే. ‘రేపు వానొచ్చిందనుకో’ అని ఎవరైనా అంటే గొడుగు వెతుక్కుంటామా? ‘అనుకో’ అనేది మన చెవి దాటించేసే మాట. ఆ సందులోంచి నన్ను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, చేతిలో కండక్టర్ పని పెట్టాడు. ఆర్టీసీలో ఇలా చేస్తే యూనియన్ ఊరుకుంటుందా?

పొడుపు కథలంటే నాకు కోపం లేదని ముందే మనవి. ‘కిటకిట తలుపులు, కిటారి తలుపులు, తీసినా వేసినా చప్పుడు కావు’ అని మా నాయనమ్మ అడిగేది. కనురెప్పలు అని తెలిశాక ప్రతి మాటా అతికినట్టు సరిపోయేది. ఓడిపోయినా ఏదో దొరికినట్టుండేది. బావ ప్రశ్నల్లో ఓడిపోతే దొరికేది బావ నవ్వొక్కటే. చెట్టు మీద పది పిట్టలు, వేటగాడు ఒకదాన్ని కొట్టాడు, ఎన్ని మిగిలాయి? తొమ్మిదంటే ‘పిచ్చోడా, చప్పుడికి అన్నీ ఎగిరిపోవూ’ అంటాడు. తెలివి తెచ్చుకుని సున్నా అంటే ‘చచ్చిన పిట్ట కొమ్మకి చిక్కుకుంది, ఒకటి’ అంటాడు. ముద్దాయిని చూశాక చట్టం రాసే కోర్టు ఇది.

ఇక దిగుమతి సరుకు. తండ్రీకొడుకులు కారు ప్రమాదంలో పడతారు, తండ్రి అక్కడికక్కడే పోతాడు, కొడుకుని ఆపరేషన్ థియేటర్‌కి తెస్తే సర్జన్ ‘వీడు నా కొడుకు, నేను చేయలేను’ అనే కథ మీకు తెలిసే ఉంటుంది. సర్జన్ ఆ పిల్లాడి తల్లి. మంచి ప్రశ్నే, ఒప్పుకుంటాను. మోసం మాటలో లేదు, సర్జన్ అనగానే మగాణ్ని ఊహించుకునే మన బుర్రలో ఉంది. ఇంగ్లీషులో క్రియకి ఆడా మగా లేదు కాబట్టి అడిగేవాడికి హాయి. తెలుగులో ‘అన్నాడు’ అంటే అబద్ధం, ‘అంది’ అంటే గుట్టు రట్టు. అందుకని మా బావ ఏం చేశాడంటే, “సర్జన్ గారు వచ్చారు, చూశారు, నా వల్ల కాదన్నారు” అన్నాడు. మోకాలి నొప్పికి వెళ్లొచ్చి ‘వాడి మొహం, వాడికేం తెలుసు’ అనే మనిషి నోట గారూ, అన్నారూ! వెంటనే పట్టేశాను. తల్లి అన్నాను. “పాతదిలే” అని సాంబారు పిలిచాడు.

ఈ విద్యకి శాస్త్ర ప్రమాణం ఉండటం ఇంకో దురదృష్టం. సంస్కృత ఆలంకారికుడు దండి తన కావ్యాదర్శంలో ప్రహేళికలు, అంటే పొడుపు కథలు, దేనికి పనికొస్తాయో చెబుతూ వినోద గోష్ఠులు, జనం మధ్య రహస్యంగా మాట్లాడుకోవడంతో పాటు ‘పరవ్యామోహనం’ అని కూడా చేర్చాడు. అంటే ఎదుటివాణ్ని తికమక పెట్టడం. పూర్వాచార్యులు మంచివి 16, చెడ్డవి 14 రకాలు లెక్కపెట్టారనీ, దోషాలకి అంతు లేదు కనక తాను మంచివే చెబుతాననీ అన్నాడు. మా బావ ఆ మిగిలిన పద్నాలుగింటి పరిరక్షణకే పుట్టాడని నా అనుమానం. ‘అశ్వత్థామ హతః’ అని గట్టిగా అని, ‘కుంజరః’ మాత్రం మెల్లగా అన్నందుకు ధర్మరాజు రథం నాలుగంగుళాలు దిగి నేలని తాకింది. మా బావది స్కూటర్, దిగడానికి ఎత్తే లేదు.

పెరుగన్నం దగ్గర రూపాయి లెక్క వచ్చింది. ఇద్దరి దగ్గర చెరో యాభై అప్పు చేశావు, 97 పెట్టి చొక్కా కొన్నావు, మిగిలిన మూడులో ఇద్దరికీ చెరో రూపాయి తిరిగిచ్చావు, ఒకటి జేబులో ఉంది. బాకీ 49, 49 కలిపి 98, జేబులోది ఒకటి, మొత్తం 99. వందో రూపాయి ఏది?

ఎదురుగా ఉన్న మా పెదనాన్న బ్యాంకులో క్యాషియర్‌గా రిటైరైన మనిషి. ఒక్క రూపాయి తేడా వస్తే రాత్రి తొమ్మిదిదాకా కౌంటర్ దగ్గరే కూర్చున్న రోజులున్నాయి ఆయనకి. ఎడమ చేత్తో శుభలేఖ వెనక లెక్క వేశాడు, కొట్టేశాడు, మళ్లీ వేశాడు. అరిటాకులు ఎత్తేస్తున్నా లేవలేదు. చివరికి తల ఎత్తి, “ఒరే, బాకీ 98లోనే చొక్కా 97, జేబులో రూపాయి ఉన్నాయి. ఉన్నదాన్నే మళ్లీ కలిపితే ఎలా? కలపకూడనిది కలిపి, లేని రూపాయిని నన్ను వెతకమంటావా?” అన్నాడు. అప్పుల్నీ ఆస్తుల్నీ ఒకే వరసలో కూడించిన అల్లుడి వైపు ఆయన చూసిన చూపు, పాత రోజుల్లో చిరిగిన నోటు తెచ్చినవాడి వైపు చూసినదే అయి ఉంటుంది.

చేతులు కడుక్కునే చోట బావ దొరికాడు. కిళ్లీ నోట్లో పెట్టుకుని ఉషారుగా ఉన్నాడు.

“బావా, పూలవాడు తన డబ్బు ఇంకా రాలేదంటున్నాడు. నా ఐదొందలు?”

“చెప్తా విను,” అన్నాడు భుజం మీద చెయ్యేసి. “నువ్వు నాకు ఐదొందలు ఇచ్చావనుకో...”