తుప్పరా, జల్లా?

(కోనసీమలో ఓ పెంకుటిల్లు. మే నెల. ఆయన రిటైరయ్యాక కథలు రాయడం మొదలెట్టారు. ఆవిడకి రిటైర్మెంట్ లేదు కాబట్టి మాగాయ ముక్కలు పెరట్లో చాప మీద ఎండబెట్టి, ఇప్పుడే వచ్చి అరుగు మీద కూలబడింది.)

ఆయన: విను. "అందమైన గోదావరి ఒడ్డున, అందమైన కొబ్బరిచెట్ల కింద, అందమైన సుందరి నిలబడి ఉంది."

ఆవిడ: సుందరి కూడా అందంగానే ఉందా? సంతోషం. ఇంతకీ ఏ గోదావరండీ?

ఆయన: గోదావరంటే గోదావరే!

ఆవిడ: ధవళేశ్వరం దిగాక గౌతమి వేరు, వశిష్ఠ వేరు, మళ్ళీ వైనతేయ ఒకటి. పైగా ఏ నెల? వరదల్లో అయితే ఎర్రనీరు, ఇప్పుడైతే ఇసుక మేటలు. పాపం ఆ పిల్ల కాళ్ళు తడిశాయో, కాలాయో తెలియొద్దూ?

ఆయన: ఎటకారం ఆపి తర్వాతది విను. "ఆమె మీద కొబ్బరాకు పడింది."

ఆవిడ: ఆకు పడితే దులుపుకుని పోతుంది. కొబ్బరిచెట్టు మీంచి పడేది మట్ట! నడుం విరుగుతుంది. మట్టకి కమ్మలు, కమ్మకి ఈనె, ఆ ఈనెలు కడితే చీపురు. ఒక్కరోజు ఇల్లు ఊడ్చుంటే తెలిసేది.

ఆయన: సరే, మార్చాను. "నారికేళ పత్రము నేలకూలెను."

ఆవిడ: తద్దినం మంత్రంలా ఉంది.

ఆయన: "హీరో కొబ్బరికాయ ఊపాడు. శబ్దం వచ్చింది."

ఆవిడ: ఏం శబ్దం? (మూలనున్న కాయ తెచ్చి ఆయన చెవి దగ్గర ఊపుతూ) లేత బొండం ఊపితే చప్పుడే రాదు, నిండా నీళ్ళు కదా. ముదురు కాయలో తొణుకుతాయి. ఇదిగో, ఇది కురిడీ. లోపల చుక్క నీరుండదు, లొడలొడలాడుతుంది. మీ కథలాగే.

ఆయన: (రాసుకుంటూ) లొడలొడ... 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వాళ్ళు మాండలిక వృత్తి పదకోశం వేస్తే, మొదటి సంపుటం వ్యవసాయం మీదే తెలుసా? రైతుల మాటలు పోగేసి తెచ్చారు. ఎడిటరు పెద్ద భాషాశాస్త్రవేత్త, భద్రిరాజు కృష్ణమూర్తి గారు!

ఆవిడ: అంతటాయనే రైతుల దగ్గరికెళ్తే, మా అన్నయ్యని అడగడానికి మీకు నామోషీయా?

ఆయన: మీ అన్నయ్యని మాట అడిగితే తోట పంపకాల దాకా వెళ్తుంది. వదిలెయ్. "అంతలో వర్షం పడింది."

ఆవిడ: తుప్పరా, జల్లా, జడివానా, ముసురా? తుప్పరకి తల కూడా తడవదు. జల్లు వచ్చి పోతుంది. ముసురు పట్టిందంటే మూడ్రోజులు బట్టలారవు. అన్నిటికీ వర్షమేనా, రేడియో వార్తల్లాగా?

(లేచి వంటింట్లోకి వెళ్ళింది. కాసేపు గరిట చప్పుడు తప్ప ఏమీ లేదు.)

ఆవిడ: ఏవండీ, వానా అది?

ఆయన: (తల ఎత్తకుండా) తుప్పరేలే!

ఆవిడ: తుప్పరైతే పర్లేదు. పోపు పెట్టేసి వస్తా.

ఆయన: ఇప్పుడు విను! "పెంకుల మీద పటపటమని మొదలై, చూరు నీళ్ళు ధారకట్టి, పెరట్లో చాప కొస తేలి మెల్లగా తిరుగుతోంది."

ఆవిడ: అబ్బ, కళ్ళకి కట్టినట్టుందండీ! ఎక్కడ దొరికింది ఈ వాక్యం?

ఆయన: దొరకడమేంటి, కిటికీలోంచి చూసి రాశాను.

(వంటింట్లో గరిట పడింది. ఖణేల్‌మందో, ఠంగుమందో ఆయన రాసుకునే లోపే...)

ఆవిడ: నా మాగాయ!