మార్లో గూఢచర్య నవలకు బహిరంగ లేఖ

పదహారో శతాబ్దపు ఆంగ్ల నాటకకర్త క్రిస్టఫర్ మార్లో రహస్య జీవితాన్ని బట్టబయలు చేస్తానంటూ కొత్త అట్టతో మళ్లీ మళ్లీ పుట్టే చారిత్రక నవల గారికి నమస్కారాలు.

మీ పరిశోధనను తప్పుపట్టే సాహసం నాకు లేదు. కాంటర్‌బరీలో చెప్పులు కుట్టేవాడి కొడుకు కేంబ్రిడ్జిలో చదువుతూ వారాల తరబడి కనిపించకుండా పోవడం, ఫ్రాన్సులోని రీమ్స్‌లో ఉన్న, రాణికి గిట్టని కాథలిక్కులలో చేరబోతున్నాడన్న పుకారు పుట్టడం, అతనికి పట్టా ఇవ్వవలసిందేనని 1587 జూన్‌లో ఎలిజబెత్ రాణి ప్రివీ కౌన్సిల్ (రాణి సలహామండలి) విశ్వవిద్యాలయానికి చెప్పడం, ఇవన్నీ రికార్డుల్లో ఉన్నవే. దేశానికి మేలు చేశాడన్నారే తప్ప ఆ మేలేమిటో కౌన్సిల్ వారు చెప్పలేదు. వారు వదిలిన ఆ ఖాళీలోకి మీరు ఒక నల్లగుర్రాన్నీ, సంకేతలిపినీ, అందమైన ఫ్రెంచి వితంతువునూ దించేశారు.

ఇక మార్లో చనిపోయిన చోటు, లండన్ పక్కనున్న డెప్ట్‌ఫర్డ్. 1593 మే 30న ఎలినార్ బుల్ అనే ఆవిడ ఇంట మార్లోతో సహా నలుగురు కలిసి, భోంచేసి, సాయంత్రం ఆరింటిదాకా తోటలో తిరిగారని మరణ విచారణ పత్రం చెబుతుంది. ఏం మాట్లాడుకున్నారో దానికి తెలియదు. మీకు మాత్రం, పొదలో కూర్చుని రాసుకున్నట్టు, నలభై పేజీల సంభాషణ తెలుసు. తిండి ఖర్చు లెక్క దగ్గర తగవు వచ్చి, ఆ నలుగురిలో ఒకడైన ఇన్‌గ్రమ్ ఫ్రైజర్ చేతిలోని పన్నెండు పెన్నీల బాకు మార్లో కుడికంటి పైన దిగిందన్న మాట మీకు చప్పగా తోచింది. (అక్కడున్న రాబర్ట్ పోలీ ప్రభుత్వ గూఢచారి కావడం, ఫ్రైజర్‌కు నెల తిరక్కుండానే రాణి క్షమాభిక్ష దొరకడం చూస్తే నాకూ అనుమానమే, ఒప్పుకుంటాను.)

అయితే, ఇన్ని పనుల మధ్య మీ మార్లో నాటకాలు ఎప్పుడు రాశాడండీ? ఇరవైతొమ్మిదేళ్లకే పోయినవాడు టాంబర్లేన్‌నూ, ఫాస్టస్‌నూ, రెండవ ఎడ్వర్డ్‌నూ వదిలి వెళ్లాడు. గొర్రెల కాపరిగా మొదలై ఓడిన రాజుల చేత రథం లాగించిన టాంబర్లేన్‌ను చెప్పులవాడి కొడుకు ఎలా ఊహించాడో, నటుడు ఎడ్వర్డ్ అలెన్ గొంతులో మోగిన అంత్యప్రాస లేని ఆ పాదాలను ఎలా కట్టాడో, నాకు డెప్ట్‌ఫర్డ్ హత్యకన్నా పెద్ద రహస్యం. దానికి మీరు కేటాయించినది, కొవ్వొత్తి వెలుగులో తెల్లవార్లూ రాశాడన్న ఒక్క వాక్యం. మరుసటి పేరాలోనే మళ్లీ గుర్రమెక్కించారు.

వచ్చే ముద్రణలోనైనా అతణ్ణి ఒక్క అధ్యాయం బల్ల దగ్గర కూర్చోనివ్వండి. ఒక పాదం కుదరక కొట్టేసి, తిట్టుకుని, మళ్లీ రాసుకోనివ్వండి. ఆ తర్వాత ఫ్రెంచి వితంతువు వచ్చినా నేనేమీ అనుకోను.

ఇట్లు,
మీ పాఠకుడు