కుడితి నుంచి కుకీ దాకా

మా కంచరపాలెం పిండిమర వాళ్లు వేసిన వజ్రోత్సవ సంచిక మొన్న నా చేతికొచ్చింది. ఆర్టు పేపరు, మొదటి పేజీలో వ్యవస్థాపకుల నిలువెత్తు ఫోటో, మెడలో దండ. విశాఖ ప్రజలకు గోధుమల రుచి చూపించాలన్న సంకల్పంతో ఆయన మర పెట్టారట.

సంకల్పం గొప్పదే. కాస్త ఓడలు కూడా సాయపడ్డాయి. 1956లో అమెరికాతో పీఎల్ 480 ఒప్పందం, అంటే వాళ్ల దగ్గర మిగిలిన ధాన్యం మనకి అమ్మే ఏర్పాటు, కుదిరాక గోధుమలు ఓడలెక్కి మన దేశపు రేవుల్లో దిగాయి. 1933 నుంచి మనకీ రేవు ఉండనే ఉంది. అంతవరకూ ఇక్కడ వరన్నం, చోడి అంబలి. బ్రెడ్డంటే జ్వరమొస్తే తినేది. సంచికలో ఓడ ఊసే లేదు. వ్యవస్థాపకుల కుక్కకి మాత్రం అర పేజీ ఇచ్చారు.

మొదట ఉన్నది రాతి మర. మిరపకాయలు ఆడించిన వెంటనే మన గోధుమలు పడ్డాయంటే ఆ వారమంతా చపాతీల్లోకి కూర అక్కర్లేదు. తర్వాత పెద్దబ్బాయిగారు రోలర్ మిల్లు తెచ్చారు. రాతి మరలో గింజంతా పిండవుతుంది. రోలర్లు అలా ఊరుకోవు. గింజని పగలగొట్టి, గీకి, జల్లించి, మైదా, బొంబాయి రవ్వ ఒక పక్కకి, తవుడు ఇంకో పక్కకి పంపిస్తాయి. నూరు కిలోలకి మైదా, రవ్వ కలిపి ఓ డెబ్బై అయిదు. మిగతాది చాలావరకు గేదెల కుడితిలోకి. ఆ రోజుల్లో మా పేట గేదెలు నిగనిగలాడేవి. మలబద్ధకం మనుషులకే.

రెండో అబ్బాయిగారు బేకరీ పెట్టారు. బన్నులు, ఎగ్ పఫ్‌లు. ఆ సంగతి మా పొట్టలే చెబుతాయి.

అసలు మేధావి ఎంబీఏ చదివిన మనవడు. గేదెల నోటి దగ్గర తవుడు లాక్కుని, తాతగారి కాలం నుంచి వేరు చేస్తున్నదాన్ని మళ్లీ మైదాలో కలిపి, రంగు కోసం కాస్త క్యారమెల్ పోసి, బ్రౌన్ బ్రెడ్డని బీచ్ రోడ్డు వాకింగ్ బ్యాచ్‌కి ఎక్కువ ధరకి అమ్ముతున్నాడు. 2023ని చిరుధాన్యాల సంవత్సరమన్నారు కదా, అప్పట్నుంచి చోళ్లు కూడా 'రాగి కుకీ' అయి అద్దాల పెట్టెలోకెక్కాయి. మా అమ్మమ్మ చుట్టాలొస్తే అంబలి ముంత మంచం కింద దాచేది. తాతలు నేతులు తాగారని మూతులు వాసన చూపించే రోజులు పోయాయి, ఇప్పుడు అంబలి తాగారని చూపించాలి.

చివరి పేజీలో బ్యాంకుకి, ఆడిటరుకి, పురోహితుడికి కృతజ్ఞతలు చెప్పారు. గేదెలకి లేవు. అన్యాయమని ఉత్తరం రాశాను. సాయంత్రానికి అరడజను ఎగ్ పఫ్‌లొచ్చాయి, వేడివేడిగా. గేదెల తరఫున కేసు వాపసు తీసుకున్నాను.