అమ్మకానికి పెట్టిన పడవ: నంబరు చూపాలా, కప్పాలా?

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు ఇంజను బోట్లు చేపల వేటకు వెళ్లకూడదు. పడవకు మరమ్మతులు చేయించుకునేవారు, ఉన్నదాన్ని అమ్మి మరొకటి కొనదలచినవారు ఈ విరామంలోనే ఆ పనులు చూసుకుంటారు. కొత్తపట్నం ఒడ్డున ఉన్న తన ఫైబర్ బోటును ఇంజనుతో సహా అమ్మదలచిన మామయ్యకు, అమ్మకపు ప్రకటనను ఫోనులో పెట్టడానికి ఒంగోలు నుంచి వచ్చిన మేనకోడలికి మధ్య వాదంగా, ఆ ప్రకటన ఫొటోల్లో పడవ రిజిస్ట్రేషను నంబరు చూపాలా, కప్పాలా అన్న విషయాన్ని రాస్తున్నాను. నేను మేనకోడలి పక్షమే అయినా, మామయ్య అడిగినవాటిలో తేలికగా తీసిపారేయదగినది ఒక్కటీ లేదు.

మామయ్య: అమ్మా, నువ్వు తీసిన ఫొటోలన్నింటిలోనూ పడవ ముక్కు మీద టార్పాలిన్ పట్టా కప్పి ఉంది. నంబరు కనబడని పడవను ఎవరు కొంటారు? దొంగ సొత్తు అమ్మేవాడికి నంబరుతో భయం గాని, రిజిస్ట్రేషను పత్రమూ లైసెన్సూ చేతిలో ఉన్న నాకు దేనికి?

మేనకోడలు: కొనడానికి వచ్చినవారికి పత్రం చూపించండి, మామయ్యా. పట్టా తీసి నంబరు చూపించండి, ఇంజను మీద చెక్కిన అంకెలను కూడా వారినే పత్రంతో సరిచూసుకోనివ్వండి. నా అభ్యంతరమంతా ప్రకటన గురించే. దాన్ని చూసేవారిలో నిజంగా కొనేవారు ఏ కొద్దిమందో ఉంటారు. మిగిలినవారు ఎవరో, ఎందుకు చూస్తున్నారో మనకు తెలియదు.

మామయ్య: ఐఎన్‌డీ, ఏపీ అనే అక్షరాలతో మొదలయ్యే ఆ నంబరు దూరం నుంచి కూడా కనబడాలనే పెద్దగా రాయిస్తారు. 2008 నవంబరులో ముంబయి మీద దాడి చేసినవారు కుబేర్ అనే మన దేశపు చేపల బోటునే సముద్రంలో చేజిక్కించుకుని వచ్చారు. ఆ తరువాతనే తీరమంతటా పడవల రిజిస్ట్రేషను మీద, మత్స్యకారుల గుర్తింపు కార్డుల మీద ఇంత పట్టుదల పెరిగింది. పది మందికీ కనబడడానికి రాయించిన నంబరును కప్పమనడం న్యాయమేనా?

మేనకోడలు: సముద్రం మీద అది ఎల్లప్పుడూ కనబడవలసిందే, అక్కడ పట్టా కప్పమని నేను ఎన్నడూ అనను. ఒడ్డున ఆ నంబరు చూసినవాడు చూసి తన దారిన వెళ్లిపోతాడు, ఫొటోలో చూసినవాడు మాత్రం దాన్ని అలాగే తన దగ్గర ఉంచుకోగలడు. వాడు మీ ఫొటోలు తీసుకుని, మీ పేరుతోనే ఇంకొక ప్రకటన పెట్టి, సగం ధర చెప్పాడనుకోండి. చీరాల వైపు ఒకాయన ఆశపడి ఫోను చేస్తే, మీరు ఒకవేళ ప్రకటనకు జతచేసి ఉంటే ఆ రిజిస్ట్రేషను పత్రాన్నీ ఆధార్ కార్డునూ ఆయనకు పంపి, ముందు బయానా వేస్తే పడవ మీకే అంటాడు. పడవ నిజమైనది, నంబరు నిజమైనది, పత్రంలోని పేరూ నిజమైనదే కాబట్టి ఆయనకు అనుమానం రాదు. డబ్బు పోయాక ఆయన వెతుక్కుంటూ వచ్చేది మీ ఇంటికే. పోయింది సాటి వేటగాడి సొమ్ము, దాన్ని పోగొట్టింది మీ కాగితం. అప్పుడు మీరు ఏమని సమాధానం చెబుతారు?

(ఈ వాదంలో నాకు అన్నింటికన్నా బరువుగా తోచిన మాట ఇదే. వివరాలు దాచుకోవడాన్ని అందరూ సొంత క్షేమం కోసం చేసే పనిగా చూస్తారు. ఇక్కడ నష్టపోయేవాడు మనకు ముఖపరిచయం కూడా లేని మూడో మనిషి.)

మామయ్య: ఆ మూడో మనిషి గురించే నేనూ అడుగుతున్నాను. జువ్వలదిన్నె నుంచో మైపాడు నుంచో ఒకాయన వచ్చి చూడాలంటే బస్సు ఖర్చులు పెట్టుకోవాలి, ఒక రోజు పని వదులుకోవాలి. నంబరు ముందే తెలిస్తే ఇంటి దగ్గరే నలుగురినీ విచారించుకుని బయలుదేరతాడు. పైగా మోసగాడూ నంబరు దాచి, నేనూ దాస్తే, మా ఇద్దరిలో మంచివాడెవడో ఆయనకు ఎలా తెలుస్తుంది?

మేనకోడలు: న్యాయమైన ప్రశ్న. దానికి వీడియో కాల్ ఉంది. ఆయన అడిగినప్పుడు మీరు ఒడ్డున నిలబడి, పడవ చుట్టూ తిరిగి, పట్టా తొలగించి నంబరు చూపండి. ఇంజను తిప్పి ఆ చప్పుడు వినిపించండి. ఆయన ఏ మూల చూపమంటే ఆ మూల చూపండి. ఫొటోలు దొంగిలించినవాడి దగ్గర పడవ ఉండదు కాబట్టి, వాడు ఈ ఒక్క పనీ చేయలేడు. ఫొటోలోని నంబరు ఎవరైనా చూపగలిగేదే గనుక దానివల్ల రుజువయ్యేది ఏమీ లేదు.

మామయ్య: సరే, అది ఒప్పుకుంటాను. మరి పట్టా ఎందుకు? ఫోనులోనే నంబరు మీద గీత గీయవచ్చు కదా?

మేనకోడలు: పలుచని రంగుతో గీస్తే, వెలుగు పెంచి చూసినప్పుడు కింది అంకెలు బయటపడవచ్చు. కిందిది ఏమాత్రం కనబడని ముదురు రంగు పెట్టెతో పూర్తిగా మూయాలి, లేదా ఫొటో తీయకముందే కప్పాలి. ముక్కు మీద మీరు రాయించిన పిల్లల పేర్లు కూడా అందుకే కప్పాను. ఇంకొక సంగతి ఉంది. ఫోనులో లొకేషను అనుమతి ఉన్నప్పుడు తీసిన ఫొటోలో, అది ఏ చోట తీసినదో అక్షాంశ రేఖాంశాలతో సహా నమోదవుతుంది. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అది తొలగిపోతుంది గాని, డాక్యుమెంటుగా పంపితే అలాగే వెళుతుంది. విరామ కాలంలో రాత్రిపూట ఒడ్డున మనిషి ఉండడు. బయట బిగించే ఇంజను విప్పి మోసుకుపోగలిగిన వస్తువు. అది ఎక్కడ ఉందో మనమే చెప్పడం దేనికి? అందుకే ముందే లొకేషను ఆపి ఫొటోలు తీశాను.

మామయ్య: పత్రాలైనా ఇవ్వక తప్పదు కదా! అమ్మిన తరువాత కూడా పడవ నా పేరుతోనే ఉంటే, రేపు దానితో ఎవరు ఏ పని చేసినా అధికారులు ముందు అడిగేది నన్నే. పేరు మారాలంటే నా వివరాలు ఆయనకు, ఆయన వివరాలు నాకు తెలియాలి.

మేనకోడలు: తప్పకుండా తెలియాలి. బేరం కుదిరాక ఇద్దరూ కలిసి మత్స్యశాఖ కార్యాలయానికి వెళ్లండి; ఇప్పుడు చేపల పడవల రిజిస్ట్రేషను రియల్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైను పద్ధతిలో నడుస్తోంది. పేరు మారే వరకు పడవ అప్పగించవద్దు. ఆయనకు ఇచ్చే ఆధార్ నకలు మాత్రం మొదటి ఎనిమిది అంకెలు మూసి, చివరి నాలుగే కనబడే రకంగా ఉండాలి. నకలు మీద అడ్డంగా "పడవ అమ్మకం నిమిత్తం" అని రాసి తేదీ వేయండి. డబ్బు పంపుతామంటూ ఎవరైనా క్యూఆర్ కోడ్ పంపి పిన్ కొట్టమంటే కొట్టవద్దు, డబ్బు పుచ్చుకోవడానికి పిన్ అవసరం లేదు. పొరపాటున డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలి.

మామయ్య: అయితే నా షరతు ఒకటి విను. ఇంజను శక్తి, పడవ కట్టిన సంవత్సరం, పొడవు, ఎక్కడ అతుకు వేయించామో అన్నీ ప్రకటనలో ఉండాలి. "పత్రాలన్నీ ఉన్నాయి, అడిగినవారికి వీడియో కాల్‌లో నంబరు చూపుతాము" అన్నది మొదటి వాక్యం కావాలి. పట్టాను చూసి ఎవరూ నన్ను తప్పుగా అనుకోకూడదు.

మేనకోడలు: అలాగే రాస్తాను. ఊరు మాత్రం "ఒంగోలు దగ్గర" అని రాస్తే చాలు. ఇక ఫోను నంబరు విషయంలో, ప్రకటన కోసం వేరే సిమ్ తీసుకుందాం. మీ నంబరును యూపీఐ యాప్‌లో కొడితే బ్యాంకులో ఉన్న మీ పేరు కనబడుతుంది; పేరు తెలిసినవాడికి మిగిలినవి రాబట్టడం కష్టం కాదు.

మామయ్య: అది మాత్రం కుదరదు. ఈ తీరంలో పడవలు కొనేవారందరి ఫోనుల్లోనూ నా నంబరు ఉంది. అది చూస్తేనే ఇది నా పడవని గుర్తుపట్టి నమ్ముతారు. కొత్త నంబరు పెడితే నన్ను ఎరిగినవారే మోసమని అనుకుంటారు.

మేనకోడలు: ఎరిగినవారికి ప్రకటనతో పని లేదు, మామయ్యా. వారికి మీరే ఫోను చేసి చెప్పండి. ప్రకటన చూసేది మిమ్మల్ని ఎరగనివారే.

మామయ్య: ముందు వాళ్లకు ఫోను చేస్తాను. వారిలో ఎవరూ తీసుకోకపోతే, అప్పుడు సిమ్ సంగతి చూద్దాం.