ఏడాది ఆల్బమ్‌ల జాబితా దండగ అనే వాదనకు జవాబు

డిసెంబరు వచ్చిందంటే చాలు, ఒక మెసేజ్ ఫోన్ నుంచి ఫోన్‌కి తిరుగుతుంది. మాటలు కాస్త అటూ ఇటూ మారినా సారం ఇదీ: ‘ఈ ఏడాది నచ్చిన ఆల్బమ్‌లు, నిరాశపరిచిన ఆల్బమ్‌లు అంటూ జాబితాలు వేసేవాళ్ళు పాత కాలంలోనే ఉండిపోయారు. ఆల్బమ్ మొత్తం ఇప్పుడెవరూ వినరు. ఏది బాగుందో స్ట్రీమ్‌ల లెక్కే చెబుతుంది. నిజమైన అభిమాని తన ఆర్టిస్టు నిరాశపరిచాడని అనడు. వచ్చినవన్నీ వినకుండా, ఏడాది పూర్తికాకుండా వేసే జాబితాకి విలువేంటి? ఎవరి ఇష్టం వాళ్ళది.’

చదవగానే నిజమే కదా అనిపిస్తుంది. ఇంతమంది పంచుకుంటున్నది అందుకే. నేను ఏటా అలాంటి జాబితా వేస్తాను, అది చదివి కొత్త ఆల్బమ్ పట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు. కాబట్టి ఒక్కో మాటనీ విడివిడిగా పరిశీలిస్తాను. ఉదాహరణలు దాదాపు అన్నీ 2024వే. ఆ ఏడాది మళ్ళీ మళ్ళీ విన్న ఆల్బమ్‌లూ ఉన్నాయి, ఎంతో ఎదురుచూసి ఉసూరుమన్నవీ ఉన్నాయి.

మొదటి మాట: ఆల్బమ్ మొత్తం ఎవరూ వినరు.

ఎక్కువమంది పాటల్ని ప్లేలిస్టుల్లో విడివిడిగా వింటున్నారు, ఇందులో వాదించేదేమీ లేదు. కానీ ‘ఎక్కువమంది వినరు’ అన్నది ‘ఎవరూ వినరు’గా ఎప్పుడు మారింది? అమెరికాలో 2022లో వినైల్ రికార్డులు, అంటే సూది పెట్టి మోగించే పాతకాలపు పళ్ళేలు, సీడీల కంటే ఎక్కువ సంఖ్యలో అమ్ముడయ్యాయి. 1987 తర్వాత అలా జరగడం అదే మొదలు. 2021 నవంబరులో గాయని అడెల్ కొత్త ఆల్బమ్ వచ్చినప్పుడు, పాటల వరుస వెనక ఒక ఆలోచన ఉంటుంది, దాన్ని కలగాపులగం చేయొద్దని ఆమె అడిగితే, పాటలు వినిపించే యాప్ స్పాటిఫై తన ఆల్బమ్ పేజీల్లో ముందే కనిపించే షఫుల్ బటన్‌ని తీసేసింది. ఎవరూ వరసలో వినకపోతే ఆ మార్పుతో పనేముంది?

ఆల్బమ్ అనేది పాత టెక్నాలజీ కొలత మాత్రమే, అది పోయాక ఇదీ పోవాలి అని కూడా అంటారు. కొలత సంగతి నిజం. 1948లో కొలంబియా సంస్థ ఎల్పీ అనే పెద్ద రికార్డు తెచ్చినప్పుడు ఒక్కో వైపు సుమారు 22 నిమిషాలు పట్టేది, రెండు వైపులా కలిపితే ముప్పావు గంటకి కొంచెం తక్కువ. ఇప్పుడు ఆ హద్దు లేదు. ఎవరైనా ఐదు గంటల ఆల్బమ్ వేసుకోవచ్చు, ఐదు నిమిషాలదీ వేసుకోవచ్చు. అయినా 2024లో బిల్లీ ఐలిష్ ‘హిట్ మీ హార్డ్ అండ్ సాఫ్ట్’ నిడివి దాదాపు 44 నిమిషాలు. కెండ్రిక్ లమార్ ‘జీఎన్ఎక్స్’ కూడా అంతే. చార్లీ ఎక్స్‌సీఎక్స్ ‘బ్రాట్’ సుమారు 41 నిమిషాలు. బలవంతపెట్టే ప్లాస్టిక్ పళ్ళెం లేకపోయినా ముగ్గురూ అక్కడికే వచ్చి ఆగారు. ఒక మనిషి కదలకుండా కూర్చుని వినగలిగే సమయం అంతేనేమోనని నాకనిపిస్తుంది.

బిల్లీ ఐలిష్ ఆల్బమ్‌ని కాస్త దగ్గరగా చూద్దాం. విడుదలకి ముందు ఆమె ఒక్క సింగిల్ కూడా, అంటే విడిగా ఒక్క పాట కూడా, వదల్లేదు. పది పాటలూ ఒకేసారి వచ్చాయి. మొదటి పాటలో స్టేజీ దిగాక తను పంజరంలో పిట్టనని పాడుతుంది. మూడో పాటలో తలుపు తెరవమని అడుగుతుంది. ఈ రెండు మాటలూ పదో పాటలో ఒకదాని పక్కన ఒకటి తిరిగి వస్తాయి. ప్లేలిస్టులో ఆ పదో పాట ఒక్కటే తగిలినవాళ్ళకి అది మంచి పాట, అంతే. మొదటి నుంచి వచ్చినవాళ్ళకి మాత్రం ఆ పిట్ట ఎవరో, ఆ తలుపు ఏదో తెలుసు. నా 2024 జాబితాలో ఈ ఆల్బమ్ పైన ఉండటానికి కారణం ఆ తిరిగిరావడమే.

రెండో మాట: ఏది బాగుందో స్ట్రీమ్‌ల లెక్కే చెబుతుంది. ఈ మాటకి మాత్రం తాపీగా జవాబు చెప్పాలి. అంకె కనబడితే వాదన ముగిసిపోయిందనుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది.

ముందు ఆ లెక్క ఎలా పుడుతుందో చూడండి. స్పాటిఫైలో పాట 30 సెకన్లు మోగితే ఒక స్ట్రీమ్. ప్రాణం పెట్టి విన్నా, నిద్రలో ఉండగా మోగినా, రెండూ ఒకటే. అమెరికాలో బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్ట్‌కి 2024లో అమల్లో ఉన్న పద్ధతి ప్రకారం డబ్బు కట్టి వినేవాళ్ళ స్ట్రీమ్‌లు 1,250 అయితే ఒక ఆల్బమ్ అమ్ముడైనట్టు, ప్రకటనలతో ఉచితంగా వినేవాళ్ళవైతే 3,750. అంటే ఆల్బమ్‌లో ఎన్ని ఎక్కువ పాటలుంటే అంత లాభం. ఒకే మనిషి పది పాటల ఆల్బమ్‌నీ, 31 పాటల ఆల్బమ్‌నీ ఒక్కోసారి పూర్తిగా విన్నాడనుకుందాం. మొదటిదానికి 10 స్ట్రీమ్‌లు, రెండోదానికి 31. ఇష్టం ఎంతో ఆ లెక్కలో ఎక్కడుంది?

31 అని ఊరికే అనలేదు. 2024 ఏప్రిల్ 19న టేలర్ స్విఫ్ట్ ‘ద టార్చర్డ్ పొయెట్స్ డిపార్ట్‌మెంట్’ 16 పాటలతో వచ్చింది. రెండు గంటలకే మరో 15 పాటలు కలిపి పెద్ద ఆల్బమ్‌గా మళ్ళీ విడుదలైంది. మొదటి వారంలోనే అమెరికాలో 26 లక్షలకి పైగా యూనిట్లు, అంటే అమ్మకాలూ స్ట్రీమ్‌లూ కలిపిన లెక్క. స్ట్రీమ్‌ల లెక్కే తీర్పయితే అది ఆ ఏడాదికి తిరుగులేని ఆల్బమ్. నా జాబితాలో అది నిరాశపరిచిన వాటిలో మొదటిది. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

అదే ఏడాది మార్చిలో సిండీ లీ అనే పేరుతో ప్యాట్రిక్ ఫ్లెగెల్ ‘డైమండ్ జూబిలీ’ తెచ్చారు. 32 పాటలు, రెండు గంటలు. విడుదలైనప్పుడు పెద్ద స్ట్రీమింగ్ సంస్థలు వేటిలోనూ అది లేదు. వినాలంటే యూట్యూబ్‌లో ఒకటే పొడవాటి వీడియో, లేదా ఒక పాతకాలపు వెబ్‌సైట్ నుంచి డౌన్‌లోడ్. అంటే తీర్పు చెప్పే ఆ లెక్కలో దాని విలువ సున్నా. అయినా ఏడాది చివర్లో ఎన్నో జాబితాల పైభాగంలో అది నిలబడింది, ఎందుకంటే విన్నవాళ్ళు ఒకరికొకరు చెప్పుకున్నారు. పాత రేడియో ఎక్కడో పక్క గదిలో మోగుతున్నట్టుండే ఆ గిటార్లని యూట్యూబ్ వీడియోలో విన్నప్పుడు, తర్వాతి పాటకి దూకడానికి బటన్ లేదని చాలాసేపటి దాకా నాకు గుర్తే రాలేదు. స్ట్రీమ్‌ల లెక్క అబద్ధమని నేననను. ఏది ఎన్నిసార్లు మోగిందో అది చెబుతుంది. ఏది మనసులో మిగిలిందో చెప్పడానికి మనిషి కావాలి.

ఇంకో సంగతి. 30 సెకన్ల లెక్క కోసం పాటలు కట్టేవాళ్ళు పల్లవిని ముందుకు లాక్కొస్తారు. అలాంటి రోజుల్లో ది క్యూర్ అనే బ్రిటిష్ బ్యాండ్ 16 ఏళ్ళ విరామం తర్వాత 2024 నవంబరు 1న ‘సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్’ తెచ్చింది. ఎనిమిదే పాటలు. మొదటి పాటలో మూడు నిమిషాలు దాటాక గానీ గాయకుడు రాబర్ట్ స్మిత్ నోరు విప్పడు. డ్రమ్స్ బరువుగా, తొందర లేకుండా నడుస్తాయి, దాని మీద కీబోర్డు పొరలు పొరలుగా కమ్ముకుంటుంది. గొంతు వచ్చేసరికి మనం ఆ బరువుకి అలవాటుపడి ఉంటాం, అందుకే మొదటి మాటే గుండెలో దిగుతుంది. ఆఖరి పాట పది నిమిషాలకి పైనే. ఈ ఆల్బమ్ బ్రిటన్ చార్టులో మొదటి స్థానానికి చేరింది. 1992 తర్వాత ఆ బ్యాండ్‌కి అది దక్కడం అదే మొదటిసారి. వినేవాళ్ళకి ఓపిక లేదనేవాళ్ళు ఒక్కసారి ఆ మూడు నిమిషాలూ విని చూడాలి.

మూడో మాట: నిజమైన అభిమాని నిరాశ అనే మాట వాడడు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది ఇదే. ఇది అభిమానాన్ని జేజేలకి కుదించేస్తుంది. పరిచయం లేని ఆర్టిస్టు మీద నిరాశ ఎలా పుడుతుంది? ఆశ పెట్టుకున్న చోటే కదా నిరాశ. 2024లో నేను వినీ పట్టించుకోని ఆల్బమ్‌లు చాలా ఉన్నాయి. వాటిని ‘నిరాశపరిచినవి’లో ఎప్పుడూ వేయను, వాటి నుంచి నేనేమీ అడగలేదు గనక.

టేలర్ స్విఫ్ట్ సంగతికొస్తాను. 2020లో సంగీత నిర్మాత ఆరన్ డెస్నర్‌తో కలిసి ఆమె చేసిన ‘ఫోక్‌లోర్’ నాకు ప్రాణం. అందులో ఏ పాట తీసేసినా వెలితి తెలుస్తుంది. అదే డెస్నర్ ఈ ఆల్బమ్‌లోనూ ఉన్నాడు కాబట్టి ఎదురుచూశాను. మంచి పాటలు లేకపోలేదు. ఐదో పాట మొదలవగానే ఆమె గొంతే పొరలు పొరలుగా గంటల్లా మోగుతుంది. ఊరు విడిచిపోయే బాధని ఆ మోత ముందే చెప్పేస్తుంది. అలాంటి పాట తర్వాత ఇంకా 26 పాటలు! అదే వేగం, అదే సింథసైజర్ మసక, ఒకే గాయం గురించి మళ్ళీ మళ్ళీ. సగం తీసేసే మనిషి పక్కన ఉండి ఉంటే ఇది ఆమె గొప్ప ఆల్బమ్‌లలో ఒకటయ్యేదని నమ్ముతున్నాను. ఈ మాట అనగలిగేది ఆమె పాటలు తెలిసినవాళ్ళే.

‘డైమండ్ జూబిలీ’ కూడా రెండు గంటలే కదా, దాన్ని మెచ్చుకుని దీన్ని తప్పుపట్టడం ఏం న్యాయమని ఒక స్నేహితుడు అడిగాడు. మంచి ప్రశ్న. అందులో ఒక పాట పక్కన ఇంకో పాట వేరే రంగులో ఉంటుంది, గొంతు మారుతుంది, గిటార్ మారుతుంది, ఎటు తీసుకెళ్తుందో తెలియదు. ఇందులో పదిహేనో పాట దగ్గరే మిగతా పదహారూ ఎలా ఉంటాయో తెలిసిపోతుంది. అంచేత నా ఫిర్యాదు నిడివి మీద కాదు.

పాప్ గాయని దువా లిపా ‘రాడికల్ ఆప్టిమిజం’ సంగతి వేరు. విడుదలకి ముందు ఆమె సైకెడెలియా (మత్తులో తేలుతున్నట్టుండే సంగీతం) గురించి, తొంభైల నాటి బ్రిటిష్ సంగీతం గురించి మాట్లాడింది. టేమ్ ఇంపాలా పేరుతో అలాంటి సంగీతం చేసే కెవిన్ పార్కర్ పనిచేస్తున్నాడంటే నా ఆశ ఇంకా పెరిగింది. 11 పాటల్లో మూడు ముందే విడుదలయ్యాయి. తీరా ఆల్బమ్ వస్తే బేస్ బాగుంది, పాడటం బాగుంది, అంతా పద్ధతిగా ఉంది, కానీ చెప్పిన ఆ కొత్త దారి ఎక్కడా కనిపించలేదు. చెడ్డ ఆల్బమ్ అని నేననను. మాట ఇచ్చింది, అందుకే అడుగుతున్నాను.

ఆ మెసేజ్ రాసినవాళ్ళ భయంలో నిజం లేకపోలేదు. ఆల్బమ్ నచ్చలేదని ఆర్టిస్టు ఒంటి మీద, ఇంటి మనుషుల మీద పడేవాళ్ళున్నారు. అది విమర్శ కాదు, వేధింపు. దాన్ని ఆపాల్సిందే. దానికీ, ఫలానా పాటలో ఫలానా చోట పట్టు సడలిందని చెప్పడానికీ ముడిపెట్టకూడదు.

నాలుగో మాట, వచ్చినవన్నీ వినకుండా జాబితా ఏమిటని. స్ట్రీమింగ్ సంస్థలకి రోజుకి లక్షకి పైగా కొత్త పాటలు చేరుతున్నాయి. అన్నీ వినే మనిషి లేడు, ఉండడు. సరిగ్గా అందుకే ఒకరు విన్నది ఇంకొకరికి చెప్పాలి. గాయని అరూజ్ ఆఫ్తాబ్ ‘నైట్ రెయిన్’ నాకు వేరేవాళ్ళ జాబితాలో దొరికింది. అందులో రెండు పాటలకి ఆధారం మహ్ లఖా బాయి చందా కవిత్వం. హైదరాబాద్ నిజాముల కొలువులోని ఆ ఉర్దూ కవయిత్రి 1824లో చనిపోయింది. రెండు వందల ఏళ్ళ తర్వాత, హార్ప్ తీగల మధ్య ఆమె మాటలు వింటున్నాను. ఏ ప్లేలిస్టూ దాన్ని నా ముందుకి తీసుకురాలేదు.

ఎవరి ఇష్టం వాళ్ళదన్న మాటకి పెద్ద జవాబు అక్కర్లేదు. ఇష్టం నాదే, కారణం మాత్రం మీకు చెప్పగలను. మీరు విని కాదనగలరు. ‘సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్’ మరీ నీరసంగా ఉందని ఒకరు కారణాలతో సహా వాదించారు. ఆయన చెప్పాక ఐదో పాట మీద నా అభిప్రాయం కాస్త తగ్గింది కూడా.

కాలం గడిచాక జాబితాలు తప్పని తేలుతాయి కదా అంటారు. తేలుతాయి. వీజర్ అనే రాక్ బ్యాండ్ ఆల్బమ్ ‘పింకర్టన్’ని 1996లో రోలింగ్ స్టోన్ పత్రిక పాఠకులు ఆ ఏడాది చెత్త ఆల్బమ్‌లలో ఒకటిగా ఎన్నుకున్నారు. కొన్నేళ్ళకి అదే ఆల్బమ్ ఎన్నో బ్యాండ్లకి ఇష్టమైనదైంది. కానీ 1996లో విన్నవాళ్ళకి ఏమనిపించిందో రాసి ఉండబట్టే ఆ మార్పు మనకి తెలిసింది.

ఇక మిగిలింది ఏడాది పూర్తికాకుండానే జాబితా వేస్తారన్న మాట. ఇక్కడ మాత్రం ఆ మెసేజ్‌తో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. బియాన్సే 2013 డిసెంబరు 13న చెప్పాపెట్టకుండా ఆల్బమ్ వదిలేసరికి చాలా పత్రికల జాబితాలు అచ్చయిపోయాయి. ఎస్‌జెడ్ఏ ‘ఎస్ఓఎస్’ 2022 డిసెంబరు 9న వచ్చింది. ‘జీఎన్ఎక్స్’ కూడా 2024 నవంబరు 22న ముందస్తు కబురు లేకుండానే వచ్చిపడింది. నవంబరులోనే జాబితా మూసేసేవాళ్ళు ఏడాదిలో పన్నెండో వంతుని వినకుండా వదిలేస్తున్నారు. డిసెంబరు 31 దాటాక, ఆఖర్న వచ్చిన ఆల్బమ్‌కి కూడా కనీసం రెండు వారాలు ఇచ్చి, జనవరి మధ్యలో జాబితా వేస్తే సరిపోతుంది. నేను చేసేది అదే, పత్రికలు కూడా అలా చేయాలని అడుగుతున్నాను.